పైల్ చిప్పింగ్‌కి బిల్లులో ఒక లైను రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడికి మీ పేపరు ఆంధ్రా వైపు పాతపట్నం మీదుగా వస్తుంది. పొద్దున్న ఏడు గంటలైనా ఎనిమిదైనా టీ కొట్టు దగ్గర ముందు తీసేది జిల్లా పేజీయే. మొన్న అందులో ఈ సరిహద్దు వంతెనల పనులు నత్తనడక నడుస్తున్నాయని, పైల్స్ దిగి నెలలైనా పిల్లర్లు లేవడం లేదని రాశారు. దాంతోపాటు ఒక ఫొటో వేశారు. గోతిలో ముగ్గురు కుర్రాళ్లు, ముఖాలకి తువ్వాళ్లు చుట్టుకుని, ఒకడు కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్‌ని అడ్డంగా పొట్టకి ఆనించుకుని పైల్ తల మీద కొడుతున్నాడు, చుట్టూ తెల్లటి దుమ్ము. కింద ‘పనుల్లో నిమగ్నమైన కార్మికులు’ అని ఉంది. నేను రాస్తున్నది ఆ ఫొటో గురించే. పనులు ఎందుకు ఆలస్యమయ్యాయో ఇంజనీర్లు చెప్పుకుంటారు.

నా సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరో చెప్పి బయటపెట్టే కన్నా అదే నయం. పందొమ్మిదేళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను, విశాఖలో, హైదరాబాద్‌లో, కొన్నాళ్లు బరంపురం వైపు. ఇప్పుడు ఊళ్లో చిన్న షాపు, మిక్చర్ మెషీన్లు, వైబ్రేటర్లు, బ్రేకర్లు అద్దెకిస్తాను. ఫొటోలో ఉన్నలాంటి బ్రేకర్లు నా దగ్గర నాలుగున్నాయి. ఈ ఉత్తరం రాస్తున్నానంటే మా ఆవిడ “మన పొట్ట మనమే కొట్టుకోవడం ఏటి?” అంది. అడగాల్సిన మాటే, కానీ రాయాలనిపించింది.

పైల్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నేల మెత్తగా ఉన్నచోట, ఏటి ఇసుకలో, గట్టి నేల దొరికేదాకా రిగ్గుతో గుండ్రంగా బొక్క తవ్వుతారు, ఇనప రాడ్ల పంజరం దింపుతారు, ట్రెమీ అనే పొడుగు పైపుతో అడుగు నుంచి కాంక్రీటు పోసుకుంటూ పైకి వస్తారు. బొక్క గోడలు కూలకుండా అప్పటిదాకా లోపల బెంటొనైట్ అనే సన్న మట్టి కలిపిన నీళ్లు నింపి ఉంచుతారు. కాంక్రీటు అడుగు నుంచి లేస్తుంటే ఆ బురద, నీళ్లు, ఇసుక అన్నీ దాని నెత్తి మీద ఎక్కి పైకి వస్తాయి. పెనం మీద బెల్లం పాకం మరుగుతుంటే మురికి నురగ పైకి తేలుతుంది చూడండి, అలాగ. పైన చేరిన ఆ కాంక్రీటు చూడ్డానికి రాయిలా ఉంటుంది గాని సరుకుండదు. అందుకని డ్రాయింగులో పైల్ ఎక్కడ ఆగాలో, దాన్ని కటాఫ్ లెవెల్ అంటాం, అక్కడికన్నా పైదాకా కావాలనే పోస్తారు, గట్టిపడ్డాక ఆ అదనపు తల తీసేస్తారు. పైల్స్ పనికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 2911 కోడ్, దాని 2010 ప్రతిలో, నీళ్లలో ట్రెమీతో పోసినప్పుడు కటాఫ్ మీద కనీసం ఒక మీటరన్నా ఎక్కువ పోయాలని ఉంది. తీసేశాక రాడ్లు మాత్రం పైకి నిలబడి ఉండాలి, వాటినే పైల్ క్యాప్, అంటే పైల్స్ నెత్తిన పోసే కాంక్రీటు దిమ్మ, పట్టుకుంటుంది, దాని మీదే పిల్లరు లేస్తుంది. ఈ తల తీసే పనినే సైట్లో పైల్ చిప్పింగ్ అంటారు. మాది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక మాటల్లోనే రాస్తున్నా, ‘పునాది స్తంభ శిరచ్ఛేదనం’ అని రాయమంటే నా వల్ల కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. మీటరు వెడల్పున్న పైల్ మీద మీటరు ఎత్తు కాంక్రీటంటే ముప్పావు ఘనపు మీటరు దాటుతుంది, బరువు దాదాపు 1.9 టన్నులు. దాన్ని ముక్క ముక్కగా, మధ్యలో పది పన్నెండు మందపాటి రాడ్లు పెట్టుకుని, వాటిని వంచకుండా, కటాఫ్ కింద ఒక్క బీట కూడా పడకుండా కొట్టాలి. రోడ్డు పగలగొట్టేవాడికి బ్రేకర్ బరువు నేల మోస్తుంది. పైల్ కొట్టేవాడు దాన్ని అడ్డంగా ఎత్తి పట్టుకోవాలి, అందుకే పొట్టకి, తొడకి ఆనించుకుంటాడు. ఆ అదురంతా చేతుల్లోంచి భుజాల్లోకి పోతుంది. పని గోతిలో, రెండు మూడు మీటర్ల లోతులో, అడుగున ఊట నీళ్లు, గాలి తిరగదు, లేచిన దుమ్ము లేచినచోటే ఉంటుంది.

ఇంత పనికీ నేను చూసిన బిల్లుల్లో ఒక్క లైను ఉండేది కాదు. ‘పైల్ వేయుట, ఇన్ని మీటర్లు’ అని రేటుంటుంది, అందులోనే చిప్పింగ్ కలిసిపోయిందంటారు. పెద్ద కంపెనీ చిన్న కాంట్రాక్టర్‌కి ఇస్తుంది, అతను మేస్త్రీకి పైల్‌కి ఇంత అని గుత్తకిస్తాడు, మేస్త్రీ కుర్రాళ్లకి ఇంకో లెక్క చెబుతాడు. పైల్‌కి ఇంత అన్నాక ఎంత తొందరగా పడగొడితే అంత కూలి, వాళ్లని తప్పుపట్టలేం. కోడ్‌లో అయితే కాంక్రీటు పోసి 3 రోజులు కానిదే సుత్తి ఉలితో కూడా ముట్టుకోవద్దని, 7 రోజులు కానిదే గాలితో నడిచే బ్రేకర్ పెట్టొద్దని రాసి ఉంది. ఎన్నో రోజని అడిగేవాణ్ణి నేను చాలా తక్కువ చూశాను. నేనూ అడిగేవాణ్ణి కాదు.

అడగనందుకు ఏమైందో చెప్తాను. ఒక సైట్లో, ఊరూ కంపెనీ రాయను, ఒక పియర్, అంటే వంతెన పిల్లరు, కింద ఆరు పైల్స్, ఒక్కొక్కటి 1.2 మీటర్ల వెడల్పు. సోమవారం క్యాప్ కాంక్రీటు పోయాలని పైనుంచి ఫోన్ మీద ఫోన్, శుక్రవారానికి ముఠా రెండున్నర పైల్సే కొట్టింది. నాకు టెన్షన్. పక్కన బండలు పగలగొట్టడానికి వచ్చిన పెద్ద బ్రేకర్ తగిలించిన ప్రొక్లెయిన్ ఖాళీగా ఉంది. “దాంతో రెండు దెబ్బలు వెయ్యండి, మిగిలింది చేత్తో చెక్కండి” అన్నాను. మేస్త్రీ పెద్దమనిషి, టెక్కలి వైపువాడు, “వద్దు బాబూ, కింద నెర్రె పడతాది” అన్నాడు, నేనేమో కసిరాను. గంటలో తలలన్నీ పడిపోయాయి. నాకు భలే ఉషారొచ్చింది, ఆ రోజు అందరికీ టీ నేనే ఇప్పించాను. మర్నాడు కంప్రెసర్ గాలితో పైల్ నెత్తి ఊది తుడిస్తే రెండు పైల్స్‌కి వెంట్రుకంత గీత, ఏటవాలుగా, కటాఫ్ దాటి కిందకి పోయింది. ఇంజనీర్ చిన్న సుత్తితో తట్టుకుంటూ వచ్చాడు, గట్టి చోట ఖంగుమంది, గీత దగ్గర డొల్లగా పలికింది. ఇంకో రెండడుగులు దింపి కొట్టి, శుభ్రం చేసి, మళ్లీ అదే గ్రేడు కాంక్రీటుతో పైకి లేపాల్సి వచ్చింది. మూడు రాడ్లు వంగిపోతే గ్యాస్ పెట్టి కాల్చి నిటారు చేశారు, అది అసలు చెయ్యకూడదు, చేశారు. పదకొండు రోజులు పోయాయి. ఆ ఖర్చు ఎవరి మీద రాశారనుకున్నారు? ముఠా మీద. ‘నాసిరకం చిప్పింగ్’ అని కాగితం తయారుచేశారు, దాని కింద సంతకం నాదే. మేస్త్రీ నన్ను ఏమీ అనలేదు, బిల్లు కోత కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

పైల్ నెత్తి దెబ్బతింటే తర్వాత చేసే పరీక్షకి కూడా చిక్కే. నెత్తి మీద సెన్సర్ పెట్టి చిన్న సుత్తితో తట్టి, కిందకి పోయి తిరిగొచ్చే అలని చూసి లోపల పైల్ సవ్యంగా ఉందో లేదో చెబుతారు, ఇంటెగ్రిటీ టెస్ట్ అంటారు. పైనే బీటలుంటే ఆ అల కంగాళీ అయిపోతుంది, లోపల తప్పుందో పైన తప్పుందో తేలదు. మీరు రాసిన ఆలస్యాల్లో ఇలాంటివి ఎన్నున్నాయో వాకబు చేస్తే మీకే మంచి వార్త దొరకొచ్చు.

ఇక మనుషుల సంగతి. మా అక్క మొగుడు, మా బావ, కాశీనగర్ వైపు, పదహారేళ్లు బ్రేకర్ పట్టాడు. మార్గశిరం వచ్చిందంటే పొద్దున్నే ఆయన చేతి వేళ్లు రెండో కణుపుదాకా సున్నం వేసినట్టు తెల్లగా అయిపోతాయి. మొదట్లో నవ్వేవాళ్లం. ఒకరోజు వాళ్లింట్లో చూశాను, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించి, పట్టు దొరక్క ఊరుకున్నాడు, మా అక్క ఏమీ అనకుండా వచ్చి పెట్టింది, ఏళ్ల తరబడి అలవాటైన పనిలా. తర్వాత వేడి చోడంబలి గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పావుగంటకి వేళ్లు ఎర్రబడ్డాయి, “ఇప్పుడు కారం రాసినట్టుంటాదిరా, ఇందాక ఈ వేళ్లు నావే కావు” అన్నాడు. వేళ్లలో నెత్తురు తిరగడం తగ్గి, నరాలు మొద్దుబారే జబ్బిది, అదిరే యంత్రాలు ఏళ్ల తరబడి పట్టినవాళ్లకి వస్తుంది, ముదిరితే వెనక్కి తగ్గదు. బ్రిటన్‌లో 2005లో దీనికి ప్రత్యేకంగా నియమాలు పెట్టారు, ఎనిమిది గంటల రోజుకి చేతికి తగిలే అదురు 5 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ దాటకూడదు, 2.5 దాటగానే యజమాని చర్య తీసుకోవాలి. అదే కొలతలో 12 అదురున్న బ్రేకర్‌తో ఆ పై హద్దు గంటా ఇరవై మూడు నిమిషాల్లో అయిపోతుంది. మా బావ రోజుకి ఆరు గంటలు పట్టేవాడు. సర్కారు ఆసుపత్రిలో చూపిస్తే బలానికి మాత్రలిచ్చారు, ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదట.

దుమ్ము ఇంకో రకం. కాంక్రీటులో ఇసుక, నల్లరాయి కంకర, అందులో సిలికా. కంటికి కనపడే దుమ్ము కాదు ప్రమాదం, కనపడనంత సన్నటిది ఊపిరితిత్తుల అడుగుకి పోయి కూర్చుంటుంది. సిలికోసిస్. దానికి మందు లేదు. దగ్గు, ఆయాసం చూసి టీబీ అని మందులు వాడించిన సంగతులు రాతి పనివాళ్ల ఊళ్లలో చాలానే వింటాం, సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది. తువ్వాలు ఆ సన్న దుమ్ముని ఆపదు. దెబ్బ పడేచోట సన్నగా నీళ్లు పట్టి ఉంచితే చాలావరకు అక్కడే అణిగిపోతుంది, పక్కన గోతిలో నీళ్లు తోడి పారబోస్తూనే ఉంటాం గాని ఆ పని మాత్రం చెయ్యం. రాజస్థాన్‌లో 2019లో దీనికోసం ఒక విధానమే తెచ్చారు, జబ్బని తేలినవాళ్లకి 3 లక్షలు, చనిపోతే ఇంటివాళ్లకి ఇంకో 2 లక్షలు ఇస్తామన్నారు. అక్కడి రాతి గనుల పనివాళ్లు ఎన్నో ఏళ్లు అడిగితే గాని అది రాలేదు.

వేరే దారి లేదా అంటే ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను. రాడ్ల పంజరం బొక్కలో దింపేముందే, కటాఫ్‌కి పైన ఉండే రాడ్లకి మెత్తటి ఫోమ్ గొట్టాలు తొడిగి, చివర్లు టేపుతో చుట్టేస్తే, అక్కడ కాంక్రీటు రాడ్లని పట్టుకోదు. గట్టిపడ్డాక చుట్టూ తవ్వి, సరిగ్గా కటాఫ్ దగ్గర పక్క నుంచి అడ్డంగా రంధ్రం వేసి, హైడ్రాలిక్ స్ప్లిటర్ పెట్టి ఒత్తితే అడ్డంగా చీలిపోతుంది, హైడ్రా క్రేన్ తెచ్చి తాళ్లేసి లేపితే తలకాయ మొత్తం ఒకే మొద్దుగా, రాడ్ల మీంచి జారి పైకి వచ్చేస్తుంది. ఇది మనకి కొత్త విద్యేమీ కాదు, టెక్కలి క్వారీల్లో వరసగా రంధ్రాలు వేసి చీలలు దిగ్గొట్టి ఇంత బండని గీత గీసినట్టు చీలుస్తారే, కిటుకు అదే. చివర్న ఒక అంగుళమో రెండంగుళాలో చేత్తో చెక్కి సాపు చేసుకుంటే అయిపోతుంది, పైల్ నెత్తి క్యాప్‌లోకి 50 మిల్లీమీటర్లు దూరేలా ఉంచాలి కదా. రాడ్లు నిటారుగా ఉండాలి, వంకరగా ఉంటే మొద్దు జారదు. ఫోమ్ కటాఫ్ కిందకి దిగకూడదు. క్యాప్ పోసేముందు తొడుగులు పీకెయ్యాలి, మర్చిపోతే అసలుకే మోసం. లేపేటప్పుడు గోతిలో మనిషి ఉండకూడదు, రెండు టన్నుల మొద్దు అది.

పీత గిట్టల్లా చుట్టూ పట్టుకుని నొక్కేసే హైడ్రాలిక్ క్రాపర్లు కూడా ఉన్నాయి, ప్రొక్లెయిన్‌కి తగిలిస్తారు, పెద్ద నగరాల్లో పైల్స్ వందల్లో ఉన్నచోట వాడతారు. మా వైపు ఒక చిన్న వంతెనకి పాతిక ముప్పై పైల్స్ ఉంటాయేమో, అంతదానికి అద్దె మెషీను ఇంతదూరం రాదు. ఫోమ్ గొట్టాలకి ఆ ఇబ్బంది లేదు, సంచిలో వేసుకుని బస్సులో తెచ్చుకోవచ్చు.

మరెందుకు వాడరంటే, ఫోమ్ కొనాల్సింది పంజరం కట్టే రోజున, లాభం కనపడేది నెల తర్వాత చిప్పింగ్ రోజున. పంజరం కట్టేవాడొకడు, కొట్టేవాడొకడు, ఇద్దరి బిల్లులూ వేరు. కొట్టేవాడి కష్టానికి అసలు బిల్లే లేదు కాబట్టి అది తగ్గినా మిగిలేదేమీ కాగితం మీద కనపడదు. టెండరులోనే ‘పైల్ తల తీయుట, రాడ్లకి తొడుగులతో, ఒకే మొద్దుగా, పైల్ ఒక్కింటికి’ అని విడిగా ఒక లైను రాసి దానికి రేటు కట్టమనండి. ఒడిశా వైపు వంతెనైనా ఆంధ్రా వైపు వంతెనైనా టెండరు రాసేది సర్కారే కదా, డ్రాయింగు మీద ఇంకో నోటు రాస్తే చాలు. అది రాసిననాడు కాంట్రాక్టరే వచ్చి ఫోమ్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు. పంపకాలు తెలిసినవాణ్ణి, చెబుతున్నాను.

కార్డుల గోల కూడా ఒకటుంది. 1936లో రాష్ట్రాల గీత గీసి మమ్మల్ని ఇటు ఒడిశాలో ఉంచారు, మా చుట్టాల్లో సగంమంది అటు. మా కుర్రాళ్లు పొద్దున్న ఒడిశాలో అన్నం తిని మధ్యాహ్నానికి ఆంధ్రాలో బ్రేకర్ పడతారు. సర్కారు సాయం అందడానికి ఉండాల్సిన భవన నిర్మాణ కార్మికుల కార్డు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి. ఆ 90 రోజులు రెండు రాష్ట్రాల్లో నాలుగు సైట్లలో చేసినవాడికి సంతకం పెట్టే నాథుడెవడు? అసలు వలస కూలీల కోసం దేశమంతటికీ 1979లో చట్టం వచ్చిందే ఒడిశా దాదన్ కూలీల గోడు వల్ల. దాదన్ అంటే ముందు సొమ్ము చేతిలో పెట్టి మనుషుల్ని తోలుకుపోవడం, దాని మీద 1975లోనే ఒడిశా సొంతంగా ఒక చట్టం చేసుకుంది. ఆ చట్టం పుట్టిన నేల మీదే మా బావకి కార్డు లేదు. రెండుసార్లు పెట్టాడు, రెండోసారి ఫారం ఒడియాలో నింపించుకోవడానికి ఎవరికో వంద ఇచ్చాడు కూడా.

సంపాదకులు గారూ, మీ విలేఖరి మళ్లీ సైట్‌కి వెళ్తే ఎంత శాతం పూర్తయిందని అడిగి వచ్చెయ్యొద్దనండి. గోతిలోకి దిగి కొట్టిన పైల్ నెత్తి చూడమనండి, రాడ్లు ఎలా ఉన్నాయో, కాంక్రీటు పోసి ఎన్ని రోజులైందో అడగమనండి, కుదిరితే ఆ కుర్రాడి చెయ్యి కూడా ఒకసారి పట్టుకుని చూడమనండి.

పోయిన వారం ఒక మేస్త్రీ నా షాపుకొచ్చాడు, పైల్ చిప్పింగ్‌కి రెండు బ్రేకర్లు కావాలన్నాడు. ఏసీ పైపులకి చుట్టే నల్లటి ఫోమ్ గొట్టం ముక్క ఒకటి చేతిలో పెట్టి ఇదంతా విడమరిచి చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు, రాడ్డుకి ఎలా తొడగాలో తనే వేలికి తొడిగి చూసుకున్నాడు కూడా. “కంపెనీ ఇమ్మనండి బాబూ, తొడగడానికి మాకేటి కష్టం” అన్నాడు. ఈ పైల్స్ ఎలాగూ పోసేశారు కదా. బ్రేకర్‌కి పెట్టే కొత్త ములుకులు, పాయింట్లు అంటాం, రెండు బేరమాడి, అడ్వాన్సు కట్టి, బ్రేకర్లు ఆటోలో వేసుకున్నాడు. నీళ్లు పట్టి కొట్టమని రెండుసార్లు చెప్పాను, అలాగే అన్నాడు. శనివారం తెచ్చిస్తానన్నవాడు ఇంకా రాలేదు, పైల్స్ గట్టిగా ఉన్నట్టున్నాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా